శుక్రవారపు ఉస్తా

నన్ను రోజూ వందల మంది పిలుస్తారు, ఒక్కరూ పేరు పెట్టి పిలవరు. టాంటా నుంచి మహల్లా దాకా మైక్రోబస్సు తోలేవాడి పేరుతో ఎవరికేం పని? "ఉస్తా, వంతెన దిగగానే ఆపు." "ఉస్తా, ఆ పాటైనా తగ్గించు, కిటికీ అయినా తెరువు." "కాస్త నెమ్మది ఉస్తా, నాకింకా పెళ్ళి కాలేదు." ఉస్తా అంటే మేస్త్రీ. చేతిపని తెలిసినవాడు ఎవడైనా మా దగ్గర ఉస్తాయే, వడ్రంగైనా మంగలైనా డ్రైవరైనా. గౌరవమైన మాటే, కాదనను. కాకపోతే ఆ గౌరవం వాళ్ళు దిగే చోటు వరకే. తలుపు ధడాలున వేసి వెళ్ళిపోతారు, నా మొహం ఎలా ఉందో కూడా చూడరు.

శుక్రవారం నేను మైక్రోబస్సు తోలను. శుక్రవారం నేను తండ్రిని. వారానికి మూడు గంటలు తండ్రిగా ఉండొచ్చని కోర్టు అనుమతి ఇచ్చింది. ఎక్కడపడితే అక్కడ కాదు, ఊరి చివర యువజన కేంద్రంలో, గేటు లోపల, రేకుల పందిరి కింద. నేనూ నెర్మీన్ ఎందుకు విడిపోయామంటే నేనొక పూట చెబుతాను, తనొక పూట చెబుతుంది, విన్నవాళ్ళకి తలనొప్పి తప్ప ఏమీ మిగలదు. అది వదిలేద్దాం. అప్పటికి మా జుమానాకి మాటలు కూడా సరిగా రావు. కోర్టు తేల్చేసరికి పిల్ల బడికి వెళుతోంది. నెర్మీన్ మళ్ళీ పెళ్ళి చేసుకుంది కాబట్టి పిల్ల ఇప్పుడు చట్టప్రకారం అమ్మమ్మ హాజ్జా ఇన్సాఫ్ దగ్గర ఉంటోంది. శుక్రవారం పిల్లని తీసుకొచ్చేదీ, తిరిగి తీసుకుపోయేదీ ఆవిడే.

ఆ పందిరి కింద నాలాంటి తండ్రులు చాలామందే చేరతారు. ఒకడు బొమ్మల దుకాణం మొత్తం మోసుకొస్తాడు. ఇంకొకడు కొడుకుతో ఏం మాట్లాడాలో తెలియక వాడికి ఫోనిచ్చేసి తన బూట్లు చూసుకుంటూ కూర్చుంటాడు. ఒకాయన బాగా చదువుకున్నవాడు, పిల్లవాణ్ణి ఎక్కాలు అడుగుతాడు, వాడు ఏడుస్తాడు. మేమెవరమూ ఒకరి మొహం ఒకరం చూసుకోం. టీ కొట్టు దగ్గర ఎదురుపడితే ఎండ గురించి మాట్లాడుకుని ఎవరి కుర్చీకి వాళ్ళం వెళ్ళిపోతాం.

నేనూ వాళ్ళకంటే గొప్పగా ఏం వెలగబెట్టలేదు. మొదట్లో పంచదార పాకం పట్టిన సెనగలు పొట్లం కట్టించుకుని వెళ్ళేవాణ్ణి. ఈ సెనగలకే పేరుపడ్డ టాంటాలో పుట్టిన పిల్ల, సెనగలంటే పడిచస్తుందనుకున్నాను. జుమానా పొట్లం తీసుకుని ఒళ్ళో పెట్టుకునేది, విప్పేది కాదు.

"చదువెలా ఉందమ్మా?"

"బాగుందండీ."

"టీచరు మంచిదేనా?"

"మంచిదేనండీ."

"నీకేం కూర ఇష్టం?"

"అన్నీనండీ."

అండీ! నా కన్న కూతురు నన్ను 'అండీ' అంటుంటే ఎవరో నా చెవిలో చన్నీళ్ళు పోసినట్టుండేది. పెంపకంలో లోపం లేదు, హాజ్జా ఇన్సాఫ్ మర్యాదగానే పెంచింది. పరాయివాళ్ళని 'మీరు' అనాలి, అంతేగా? పిలవడమైతే నన్ను ఏమనీ పిలిచేది కాదు. నాతో పనిబడితే దగ్గరికొచ్చి, నేను తలెత్తి చూసేదాకా నిలబడేది. నాన్నా అన్న ఒక్క మాటకి మొహం వాచిపోయి ఉన్నాను. ఆ మాట కోసమే కోర్టు చుట్టూ అన్నేళ్ళు తిరిగాను. తీర్పు కాగితం మీద ఆ మాట ఉంది, పిల్ల నోట్లో లేదు.

అలా చలికాలం సగం గడిచింది. ఒక శుక్రవారం నా పాత కారు దారిలో కుతకుతలాడింది. మా నాన్న వాడి వాడి నాకు వదిలిన ఎర్రబండి అది, నాకంటే వయసులో పెద్దది. ఎలాగో గేటు దాకా తెచ్చాను. కేంద్రం చూసుకునే మదామ్ అఫాఫ్ జాలిపడి లోపల గోడవార పెట్టుకోనిచ్చింది. బానెట్ ఎత్తేసరికి ఆవిరి భగ్గున లేచింది. నేను దాన్ని తిట్టే తిట్లు పిల్లలు వినకూడనివి కాబట్టి నోట్లోనే నములుతున్నాను. వెనక నుంచి చిన్న గొంతు వినిపించింది.

"అది కాలిపోతుందాండీ?"

జుమానా. తనంతట తనే కుర్చీ దిగి వచ్చింది.

"కాలదు. దాహమేసింది, అంతే."

"బండికి కూడా దాహమేస్తుందా?"

"పరిగెడితే ఎవరికైనా వేస్తుంది."

"మరి నీళ్ళు పొయ్యండి, చూస్తూ నిలబడతారేం?"

"ఇప్పుడు కాదు. వేడిమీద మూత తీస్తే సలసల కాగే నీళ్ళు మొహం మీదికి చిమ్ముతాయి. చల్లారేదాకా ఆ మూత జోలికి పోకూడదు. పెద్దవాళ్ళు తియ్యమన్నా తియ్యకూడదు."

"మీరు తియ్యమన్నా?"

"నేను తియ్యమన్నా."

పెద్దవాళ్ళ మాట వినక్కర్లేని సంగతి ఒకటి లోకంలో ఉందని దానికి అప్పుడే తెలిసినట్టుంది. కళ్ళు మెరిశాయి. ఇద్దరం పక్కపక్కన నిలబడి బండి చల్లారేదాకా చూశాం. అది ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు, ఇంకా పట్టి ఉంటే బాగుండేది. చివరికి సీసాతో నీళ్ళు పోయించాను. సగం నేల మీద పడ్డాయి. హాజ్జా ఇన్సాఫ్ దూరంగా కూర్చుని బఠాణీలు ఒలుచుకుంటూ, ఒక కన్ను బఠాణీల మీదా ఒక కన్ను మా మీదా పెట్టింది.

మరుసటి శుక్రవారం జుమానా గేట్లోకి వస్తూనే పందిరి కిందికి కాకుండా తిన్నగా బండి దగ్గరికి వెళ్ళింది. నాకు గంతులెయ్యాలనిపించింది. కూల్‌డ్రింకుల డబ్బా ఒకటి టీ కొట్టువాణ్ణి అడిగి తెచ్చి బోర్లించాను, పిల్లకి ఇంజను అందేలా. ఆ రోజు ఇంజనాయిల్ చూడటం నేర్పాను. పొడుగాటి కడ్డీ ఉంటుంది, లాగాలి, గుడ్డతో శుభ్రంగా తుడవాలి, మళ్ళీ పూర్తిగా లోపలికి దించాలి, మళ్ళీ లాగాలి. అప్పుడు చూడాలి. చివర రెండు గీతలుంటాయి, నూనె తడి ఆ రెంటి మధ్య ఉంటే బండికి బలమున్నట్టు.

"మొదటిసారి లాగినప్పుడే చూడొచ్చుగా?"

"మొదటిసారి అబద్ధం చెబుతుంది."

"ఎందుకు చెబుతుంది?"

"బండి పరిగెత్తి వచ్చిందిగా, లోపల నూనె అటూ ఇటూ చిందేసి కడ్డీ అంతా పూసుకుని ఉంటుంది. అది చూసి చాలా ఉందనుకుంటాం. తుడిచి రెండోసారి అడిగితేనే నిజం చెబుతుంది."

జుమానా ఆ కడ్డీని అనుమానంగా చూసింది. "మా క్లాసులో మర్వా కూడా అంతే," అంది.

నేను నవ్వితే అదీ నవ్వింది. ముందుపళ్ళు రెండు లేవని అప్పుడే చూశాను. ఎప్పుడూడాయో నాకెవరు చెబుతారు?

నోరు జారి ఆ రోజే దాన్ని బిల్యా అన్నాను. "ఏయ్ బిల్యా, గుడ్డ ఇటియ్యి" అని. బిల్యా అంటే గోళీ. మెకానిక్ షెడ్డులో కొత్తగా పనికి చేరిన కుర్రాణ్ణి మా దగ్గర అలాగే పిలుస్తారు, ఎటు తోస్తే అటు దొర్లుతూ పానాలూ టీలూ అందిస్తాడని. మా నాన్న షెడ్డులో నన్నూ అలాగే పిలిచేవాళ్ళు. జుమానాకి ఆ మాట తెగ నచ్చింది.

"నేను బిల్యా అయితే, మీరు నా ఉస్తానా?"

"అంతేగా మరి!"

"ఉస్తా!" అని పిలిచి చూసుకుంది. "ఉస్తా, గుడ్డ తీసుకోండి."

ఇన్నాళ్ళకి నన్ను ఏదో ఒకటి అని పిలిచింది. ఆ సాయంత్రమంతా ఉబ్బితబ్బిబ్బై తిరిగాను. ఉడికించిన చిక్కుడుగింజల ఫూల్ అమ్మే బండి దగ్గర నిలబడి రొట్టె తింటూ బండివాడికి కూడా చెప్పాను. "మా అమ్మాయికి ఇంజనాయిల్ చూడటం వచ్చేసిందోయ్." వాడు ఉల్లిపాయ ఇంకొంచెం వేశాడు. మర్నాడు మహల్లా దారిలో వెనక సీట్లోంచి ఎవరో "ఉస్తా, పక్కకాపు" అన్నారు. అప్పుడు తట్టింది. నా కూతురూ నన్ను వీళ్ళందరూ పిలిచే మాటతోనే పిలుస్తోంది. ఆ ప్రయాణికుణ్ణి ఆపాల్సిన చోటు దాటించి దింపానట, బూతులు తిట్టి పోయాడు.

తర్వాతి వారం హాజ్జా ఇన్సాఫ్ పిల్లకంటే ముందు నా దగ్గరికొచ్చింది. ఒలిచే కూర కూడా పక్కన పెట్టి వచ్చిందంటే గండమే.

"ఏం షుక్రీ, మా ఇంటి పిల్లకి షెడ్డు కుర్రాడి పేరు పెట్టావట?"

"ముద్దుకి అన్నాను హాజ్జా."

"ముద్దుకా! రాణీ అనడానికి నోరు రాలేదా? రేపు సంబంధం వాళ్ళొచ్చి 'బిల్యా గారి ఇల్లెక్కడండీ' అని వీధిలో అడగాలా? ఆ గోళ్ళు చూడు! సబ్బు అరిగింది గాని మసి పోలేదు. ఇంటికొచ్చి మా కుట్టుమిషను మూత తీసి, కడ్డీ ఏదని వెతుకుతోంది!"

నాకు నవ్వొచ్చింది గాని, నవ్వితే మూడు గంటలు కాస్తా మూడు నిమిషాలవుతాయని భయమేసింది. తల దించుకుని నిలబడ్డాను. జుమానా మా ఇద్దరి మధ్యకి దూరింది.

"అమ్మమ్మా, బండికి నీళ్ళు అయిపోతే ఏమవుతుందో నీకు తెలుసా?"

"నాకెందుకే?"

"చూశావా, తెలీదు."

హాజ్జా విసురుగా తన కుర్చీకి వెళ్ళిపోయింది. ఆ పై శుక్రవారం వచ్చేటప్పుడు పాత తలగడ గలీబుకి మూడు కంతలు చేసి తెచ్చి, పిల్ల గౌను మీద తొడిగింది. నా వైపు చూడకుండా, "గౌను పాడైతే నువ్వే ఉతుకుతావు," అని గొణిగి వెళ్ళి కూర్చుంది. నేను మాత్రం బిల్యా అనడం మానేశాను. పిల్ల ఉస్తా అనడం మానలేదు.

అప్పట్నుంచి నాకు కొత్త దిగులు పట్టుకుంది. బండిలో నేర్పేవి అయిపోతే ఎలా? ఇంజను ఎంత? ఒక పెట్టెలో పట్టేంత. అయిపోయాక మళ్ళీ పందిరి కింద కుర్చీలు, 'బాగుందండీ', 'మంచిదేనండీ'. అందుకని కావాలనే సాగదీశాను. టైర్లలో గాలి ఒక్కటే నాలుగు వారాలు నేర్పాను. ఒక్కో టైరుకి ఒక్కో శుక్రవారం, నాలుగూ ఒకేలా ఉండవని కల్లబొల్లి కబుర్లు చెప్పి. మిగతా వారమంతా నా గదిలో కూర్చుని, వచ్చే శుక్రవారం ఏం చూపించాలా అని ఆలోచించేవాణ్ణి. పాత స్పార్క్‌ప్లగ్ ఒకటి తెచ్చి పళ్ళు తోమే బ్రష్‌తో తళతళలాడించి, చేతిలో పెడితే ఏమంటుందో అని ఒక్కణ్ణే ముందుగా మాట్లాడి చూసుకునేవాణ్ణి. గోడ అవతలి అద్దెవాళ్ళు నాకు పిచ్చనుకుని ఉంటారు. అనుకోనీ, నాతో ఎలాగూ మాట్లాడరు.

ఎండలు ముదిరేసరికి జుమానా నన్ను అడిగే ప్రశ్నలు పెద్దవయ్యాయి.

"ఉస్తా, ఏ బండికైనా ఇలాగే ఉంటుందాండీ?"

"దాదాపు ఇంతే."

"పెద్ద తెల్లబండికి కూడా?"

"దానికీ నూనే, నీళ్ళే, గాలే."

"చాలా దూరం వెళ్ళే ముందు ఏమేం చూడాలి?"

నా గుండె ఉప్పొంగింది. ఇది నా రక్తం, మా నాన్న రక్తం అనుకున్నాను. పిల్ల బండి మీద ఇష్టంతో అడుగుతోంది, బండి మీద ఇష్టమంటే నా మీద ఇష్టమే, నాన్నా అనడానికి ఇంక అడుగు దూరమే ఉంది అని లెక్కలు కట్టుకున్నాను. మొదటిసారి లాగిన కడ్డీని నమ్మకూడదని దానికి చెప్పినవాణ్ణి, నేను మాత్రం నమ్మేశాను.

బడి సెలవులిచ్చాక వచ్చిన శుక్రవారం స్టెప్నీ ఎలా మార్చాలో చూపిస్తున్నాను. నట్లు విప్పడం దాని వల్ల కాదు, విప్పినవి ఒక మూతలో జాగ్రత్తగా పోసి పెట్టడం దాని పని.

"ఉస్తా, ఎడారి దారిలో టైరు పేలితే?"

"మనం ఎడారికెందుకు వెళతామే?"

"మనం కాదండీ," అంది జుమానా, నట్లు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ. "మేము."

చేతిలో పానా అలాగే ఉండిపోయింది.

"హుర్ఘాదా వెళుతున్నాం. అమ్మా, అమ్మమ్మా, నేనూ, అంకుల్ ముఖ్తార్. అంకుల్‌కి అక్కడ హోటల్లో పని దొరికింది. సముద్రం ఉంటుందట. అంకుల్ బండి చాలా పెద్దదండీ, కానీ ఆయన బానెట్ ఎప్పుడూ ఎత్తరు. నీళ్ళు చూడరు. నాకు భయమేసింది. అందుకే మిమ్మల్ని అడిగాను."

అందుకే. ఇన్ని శుక్రవారాలూ అందుకే. నా దగ్గర నేర్చుకున్నదంతా ఇంకొకడి బండి కోసం, తనని నా నుంచి తీసుకుపోయే బండి కోసం. ఒళ్ళు మండిపోయింది. ఒక్క క్షణం చాలా నీచమైన మాట నా నోటిదాకా వచ్చింది. చూడకపోతే చూడకపోనీ, ఎడారి మధ్యలో ఆగి అఘోరించనీ, అప్పుడు తెలుస్తుంది ఆ అంకుల్‌కి అని. ఆ ఆగిన బండిలో కిటికీ పక్కన నా పిల్లే కూర్చుని ఉంటుందని గుర్తొచ్చింది. మాట మింగాను.

హాజ్జా దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ ములూఖియ్యా ఆకు దూస్తోంది. నా మొహం చూసి చెయ్యి ఆపింది.

"చెప్పేసిందా?"

"మీరు చెప్పాల్సింది హాజ్జా."

"ఎలా చెప్పను నాయనా? వారం వారం నువ్వు పెళ్ళికొడుకులా ఇస్త్రీ చొక్కా వేసుకొస్తావు. నోరు రాలేదు." ఆకు మీద నీళ్ళు చిలకరించింది. "అక్కడా ఇలాంటి కేంద్రం ఉందట. కోర్టుకి చెప్పి అక్కడికి మార్పిస్తారట. నువ్వు వీలున్నప్పుడల్లా రా."

"పోను ఒక రోజు, రాను ఒక రోజు. మధ్యలో మూడు గంటలు."

"తెలుసు," అంది హాజ్జా. ఆవిడ నా మీద కోపం లేకుండా మాట్లాడేసరికి నాకు భయమేసింది.

మిగిలిన కాసిని శుక్రవారాల్లో నాకున్న కోరిక ఒక్కటే, వెళ్ళేలోగా ఒక్కసారి నాన్నా అనాలి. అడగొచ్చు. నన్ను నాన్నా అనమ్మా అంటే, కాదనే పిల్ల కాదు, "సరేనండీ నాన్నా" అంటుంది. అడిగి అనిపించుకున్న మాట నాకెందుకు? అది కూడా కోర్టు కాగితం లాంటిదే అవుతుంది. నోరు మూసుకుని దూరప్రయాణం పాఠం మొదలుపెట్టాను. ఇంక సాగదీయలేదు, దాచుకోలేదు. బెల్టుని బొటనవేలితో నొక్కి చూడటం, టైరు చారల్లో దిగిన మేకులు వెతకడం, లైట్లు గోడకేసి వెలిగించి చూడటం, స్టెప్నీలో గాలుందో లేదో బయల్దేరే ముందే చూసుకోవడం, అన్నీ చెప్పాను. చెప్పినవన్నీ మళ్ళీ నాకు అప్పజెప్పించుకున్నాను. ఎక్కాలడిగే ఆ చదువుకున్నాయనకీ నాకూ తేడా లేకుండా పోయింది.

బయల్దేరే రోజు శుక్రవారమే అయింది. తిన్నగా కేంద్రానికే వచ్చారు, నా మూడు గంటలూ అయ్యాక అట్నుంచి అటే వెళ్ళిపోవాలని. ఆ తెల్లబండిని మదామ్ అఫాఫ్ లోపలికి రానిచ్చింది. టాపు మీద పరుపులూ, మడత కుర్చీలూ, హాజ్జా కుట్టుమిషనూ తాళ్ళతో కట్టి ఉన్నాయి. వెనక సీట్లో నెర్మీన్ కూర్చుని ఉంది. నా వైపు తలూపింది, నేనూ ఊపాను. ఇద్దరం ఇంకో వైపు చూశాం.

ముఖ్తార్‌ని అంత దగ్గరగా చూడటం అదే మొదలు. నా ఊహలో వాడు మీసాలు మెలేసిన రాక్షసుడు. తీరా చూస్తే బట్టతల, చెమట పట్టిన చొక్కా, మొహమాటం. నన్ను చూసి సలాం చేసి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు. వాణ్ణి అసహ్యించుకోవడానికి ఎంత ప్రయత్నించినా ఏమీ దొరకలేదు, అది ఇంకా బాధ.

"మీ అమ్మాయి బానెట్ ఎత్తి చూస్తే గాని బయల్దేరనంటోందన్నా," అన్నాడు. "అది ఎత్తే మీట ఎక్కడుందో నాకు తెలీదు. దానికే దొరికింది."

మూడు గంటలూ ఎలా గడిచాయో చెప్పను. బండిని తాకలేదు, ఇద్దరం పందిరి కింద కూర్చుని సెనగలు తిన్నాం. జుమానా ఆ రోజు పొట్లం విప్పింది. అమ్మ దగ్గరికి వెళ్ళొస్తానంటూ మధ్యలో లేవకుండా నా పక్కనే కూర్చుంది, కాళ్ళూపుతూ.  అటూ ఇటూ ఎవరో పిల్లలు బంతి తంతున్నారు. టైమైందని మదామ్ అఫాఫ్ వచ్చి నిలబడింది.

జుమానా తలగడ గలీబు తొడుక్కుని డబ్బా ఈడ్చుకుంటూ తెల్లబండి దగ్గరికి వెళ్ళింది. నేను వెళ్ళలేదు. చూడలేకపోయాను. నేను నేర్పిన పని ఇంకొకడి బండికి చేస్తుంటే నిలబడి చూసేంత పెద్దమనసు నాకు లేదు. టీ కొట్టు దగ్గరికి పోయి గోడకేసి తిరిగి గ్లాసు పట్టుకున్నాను. వెనక ముఖ్తార్ గొంతు, "లాగనా?" అంటోంది. "ఆగండి అంకుల్, ముందు గుడ్డ," అంటోంది పిల్ల. హాజ్జా ముందు సీట్లోంచి, "సముద్రం ఎండిపోయేలోగా బయల్దేరతామా?" అంటోంది. కడ్డీ లాగిన చప్పుడు రెండుసార్లు వినిపించింది.

"నాన్నా!"

 అయితే అప్పుడే నేర్పేశారన్నమాట. అంకుల్ కాస్తా నాన్న అయిపోయాడు. కొత్త ఊరికి వెళుతున్నారు, కొత్త బడిలో చేరుస్తారు, నలుగురిలో అంకుల్ అంటే బాగుండదని చెప్పి ఉంటారు. న్యాయమే. న్యాయం కాబట్టే వెనక్కి తిరిగి చూడలేదు.

"నాన్నా! ఇటు రా! నూనె కింది గీతకంటే తక్కువుంది!"

వెళ్ళవయ్యా ముఖ్తార్, పిలుస్తోంది కదా, అనుకున్నాను. పిల్లని రెండుసార్లు పిలిపించుకుంటావా, నీకేం చెవుడా? ఒళ్ళు మండి గోడ మీది సున్నం గోటితో గీకుతున్నాను. ఉస్తా అని ఉంటే వీధి చివర నుంచైనా చటుక్కున తిరిగేవాణ్ణి, ఏళ్ళ తరబడి అలవాటు. ఈ మాట వింటే వెనక్కి తిరగడం నా ఒంటికి రాదు.

భుజం మీద ఎవరిదో చెయ్యి పడింది. ముఖ్తార్.

"అన్నా, వినబడటం లేదా? మిమ్మల్నే."

"నన్నా?"

"నన్ను అంకుల్ అంటుంది కదన్నా. ఈ బండి సంగతి నాకేం తెలుసు, నన్నెందుకు పిలుస్తుంది?"

వెళ్ళాను.  జుమానా డబ్బా మీద నిలబడి, కొసన కాస్త నూనె అంటిన కడ్డీని రెండు చేతులా పట్టుకుని, విసుగ్గా చూస్తోంది.

"ఎన్నిసార్లు పిలవాలి? చూడు, ఇది రెండోసారి తీసిందే."

చూశాను. నిజమే, చాలా తక్కువుంది. ఎడారి దాటేది కాదు ఆ బండి. నా బండి డిక్కీలోంచి నూనె డబ్బా తెచ్చాను. జుమానా గరాటు పట్టుకుంది. పై గీత దాటకూడదని నాకే జాగ్రత్త చెప్పింది. హాజ్జా విసనకర్రతో విసురుకుంటోంది, నెర్మీన్ కిటికీలోంచి మమ్మల్ని చూస్తోంది, ముఖ్తార్ తాళంచెవి పట్టుకుని నిలబడ్డాడు. నేను సన్నని ధారగా పోయడం మొదలుపెట్టాను. 

"తొందరగా పొయ్యి నాన్నా, అందరూ ఎండలో ఉన్నారు," అంది.

నేను డబ్బా ఇంకొంచెం పైకెత్తి, ధార ఇంకా సన్నం చేశాను.